కాలికింద చెక్కపేళ్ళు

రండి రండి, దగ్గరికి జరగండి. చిట్టీ, నువ్వు ఇటు పక్కకి రా, అన్నయ్యకి కాస్త చోటివ్వు. దుప్పటి అందరి కాళ్ళ మీదికీ వచ్చిందా? ఇప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కసారి రామా అనుకోండి. పైకి అనకపోయినా పరవాలేదు, ఆయనకి లోపల అనుకున్నదే ముందు వినబడుతుంది. అనుకున్నారా? ఇక చెవులు ఇటు పెట్టండి.

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో రాములవారి గుడి, గుడి వెనక సందులో ఒక వడ్రంగి. అతని పేరు సిద్ధాచారి. అతని భార్య పేరు సూరాంబ.

సిద్ధాచారి నాగళ్ళు చేసేవాడు, ఉయ్యాలలు చేసేవాడు, పెళ్ళిపీటలు చేసేవాడు. అన్నీ బాగానే చేశాడు. ఒక్క తలుపు మాత్రం బాగా చెయ్యలేదు. ఆ ఒక్కటీ పోయి పోయి గుడి తలుపే అయింది. కర్ర ఆరకముందే తొందరపడి బిగించేశాడు. ఆ తర్వాత అది వానాకాలంలో ఉబ్బేది, ఎండాకాలంలో సందులు వదిలేది.

ఆ ఊళ్ళో విస్తళ్ళు కుట్టే వరహాలమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమె నోటికి హద్దు లేదు. "మా సిద్ధాచారి తలుపు ఉండగా రాములవారికి తాళం ఎందుకమ్మా. వానాకాలం మనం లోపలికి పోలేం, ఎండాకాలం సందులోంచి దూరిన కుక్క బయటికి పోదు" అనేది. అందరూ నవ్వేవారు. సిద్ధాచారి కూడా నవ్వేవాడు. నవ్వి, తల వంచుకుని ఇంటికి పోయేవాడు. ఇలా అయిదేళ్ళు గడిచాయి. అయిదేళ్ళలో అతని పని గురించి ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు.

అప్పుడు ఒక పెద్ద గాలి వచ్చింది. ఆ గాలికి గుడి ముందు ధ్వజస్తంభం విరిగి పడింది. కొత్తది నిలబెట్టాలి. దానికి నిలువెత్తు చెట్టు కావాలి, వంకర ఉండకూడదు, లోపల గట్టిగా ఉండాలి. ధర్మకర్త చిన్నప్పనాయుడు సిద్ధాచారిని పిలిచి, "ఆచారీ, మనూరి వడ్రంగి ఉండగా పొరుగూరికి పోతే బాగుండదు. చెట్టు నువ్వే చూడు" అన్నాడు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఏ చెట్టునీ ఊరికే వెళ్ళి కొట్టెయ్యరు. నరికే రోజుకి మూడు రోజుల ముందే ఊరంతా డప్పుతో చెట్టు దగ్గరికి వెళ్ళాలి. వడ్రంగి చెట్టుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దాని చుట్టూ మూడు సార్లు తిరగాలి. ఒకసారి కిందికి చూస్తూ, ఒకసారి పైకి చూస్తూ, ఒకసారి చెవి ఆనించి వింటూ. ఆ తర్వాత చెక్క చెక్కే బాడిస పిడితో మూడు సార్లు తట్టి ఇలా చెప్పాలి: "ఇందులో కాపురం ఉన్న పిట్టకీ పురుగుకీ దండం. స్వామి పనికి ఈ చెట్టు కావాలి. మూడు రోజుల్లో వేరే చోటు చూసుకోండి. చెట్టుతల్లీ, మమ్మల్ని మన్నించు."

చూశారా, ఎంత మర్యాదో. ఇల్లు ఖాళీ చెయ్యమని అడిగేటప్పుడు ముందు దండం పెట్టారు.

మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళారు. అది మధ్యలో వంగి ఉంది. రెండో చెట్టు దగ్గరికి వెళ్ళారు. అది పిడుగు పడి నిలువునా చీలి ఉంది. జనానికి కాళ్ళు నొప్పులు పుట్టాయి. వరహాలమ్మ ఒక రాయి మీద కూలబడి, "చూడు నాయనా, చూడు. ఈసారి స్తంభంలోంచి కుక్క దూరకుండా చూడు" అంది. డప్పు కొట్టేవాడు కూడా నవ్వాడు.

అప్పుడు మూడో చెట్టు కనబడింది. నల్లమద్ది. దారం పట్టి గీసినట్టు నిటారుగా ఉంది. సిద్ధాచారి పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, కిందికి చూస్తూ తిరగడం మొదలుపెట్టాడు. జనం ఇటు పక్కనే నిలబడ్డారు. అతను అటు పక్కకి వెళ్ళాడు.

అక్కడ చెట్టు మొదట్లో, ఎండుటాకుల మీద, చెక్కపేళ్ళు రాలి ఉన్నాయి. కొత్తవి. గోటి ముక్కలంత చిన్నవి. చుట్టుపక్కల గొడ్డలి పడిన గుర్తు లేదు, మనిషి అడుగు లేదు. సిద్ధాచారికి ఒక్క చూపుతో తెలిసిపోయింది. ఒక వడ్రంగికి ఇంకో వడ్రంగి పని తెలియదూ? అది వడ్రంగిపిట్ట చెక్కిన చెక్క. తల ఎత్తి చూస్తే పైన తొర్ర కనబడుతుంది.

కానీ అతను తల ఎత్తలేదు. తల ఎత్తితే చూసినట్టవుతుంది. చూస్తే చెప్పాలి. చెబితే నాలుగో చెట్టుకి నడవాలి, వరహాలమ్మ ఇంకో మాట అంటుంది. అందుకని ఏం చేశాడంటే, చుట్టూ చూసి, కాలితో మెల్లగా ఎండుటాకులు జరిపి, ఆ పేళ్ళని కప్పేశాడు.

అంతే. కాలు ఇలా అన్నాడు, అంతే. ఎంత చిన్న పనో చూడండి.

ఆ తర్వాత మిగతా రెండు చుట్లూ పేరుకి తిరిగేసి, ఇవతలికి వచ్చి, బాడిస పిడితో టక్ టక్ టక్ అని తట్టి, దండాలన్నీ చెప్పాడు. జనం కదలకుండా నిలబడ్డారు. అప్పుడు చెట్టు లోపలి నుంచి చప్పుడు వచ్చింది. టక్. టక్. టక్.

వరహాలమ్మ ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించింది. "చెట్టు పలికిందర్రా" అంది. "మా తాతల నాటి నుంచీ వస్తున్నాం, ఎవరికీ పలకలేదు. సిద్ధాచారికి పలికింది. నా నోరు పడిపోను, ఇన్నాళ్ళూ ఈయన్ని ఏమేమో అన్నాను."

జనమంతా నేల మీద పడి మొక్కారు. నాయుడు తన భుజం మీది పట్టు కండువా తీసి, సిద్ధాచారి తలకి తలపాగా చుట్టాడు. అది పిట్ట అని చెప్పడానికి సిద్ధాచారికి అప్పుడు కూడా సమయం ఉంది. నోరు తెరిచాడు కూడా. కానీ తల మీద పట్టు మెత్తగా ఉంది. అయిదేళ్ళ తర్వాత దొరికిన మంచి మాట పాయసంలాగా ఉంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

డప్పు కొట్టుకుంటూ అతన్ని ఇంటిదాకా తీసుకొచ్చారు. సూరాంబ కాళ్ళకి నీళ్ళు ఇచ్చింది. "ఏమండీ, చెట్టు నిజంగా పలికిందా?" అని అడిగింది.

"ఊరంతా విన్నది కదా."

"ఊరు విన్నది సరే. మీరేం విన్నారు?"

సిద్ధాచారి వంగి కాళ్ళు కడుక్కున్నాడు. వేళ్ళ సందులోంచి ఏదో జారి నీళ్ళతో పాటు రాతి మీద పడింది. అతను చూడలేదు. సూరాంబ చూసింది.

మర్నాడు పొద్దున్నే సిద్ధాచారి ఒక్కడే కర్ర తీసుకుని మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఎందుకో తెలుసా? పిట్టల్ని తరిమెయ్యడానికి. మూడో రోజుకి తొర్ర ఖాళీ అయితే అబద్ధం సర్దుకుంటుందని ఆశ. ఇప్పుడు తల ఎత్తి చూశాడు. నాలుగు నిలువుల ఎత్తున చెంబు మూతంత తొర్ర. తొర్రలోంచి తలలు బయటపెట్టి మూడు పిల్లలు. బయట అమ్మపిట్ట, నాన్నపిట్ట. వీపు మీద పసుపు పూసినట్టుంది, తల మీద ఎర్రటి కుచ్చు.

కర్రతో చెట్టుని బాదాడు. పిట్టలు పక్క చెట్టు మీదికి ఎగిరాయి. అతను అలిసిపోయి కూర్చున్నాడు. అవి తిరిగొచ్చాయి. మళ్ళీ బాదాడు, మళ్ళీ వచ్చాయి. మూడోసారి ఇక బాదలేక చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వాటి పని చూశాడు. తోకని ముక్కాలిపీట మూడో కాలులాగా చెట్టుకి తన్నిపెట్టి నిలబడుతుంది పిట్ట. ముక్కుతో టకటకా కొడుతుంది. కొట్టి ఆగి తల వంచి వింటుంది. బెరడు కింద పురుగు ఎక్కడ కదిలిందో అక్కడే చెక్కుతుంది. ఆ తర్వాత నాలుక చాపుతుంది. నాలుక అంటే మన నాలుకలా కాదు, బెత్తెడు పొడుగు, జిగురు జిగురుగా ఉంటుంది. దాంతో వేలెడంత తెల్లటి పురుగుని లాగి పిల్లల నోట్లో పెడుతుంది. పురుగు దొరక్కపోతే బెరడు మీద పాకే చీమల్ని, చీమల గుడ్లని ఏరుకొస్తుంది. పొద్దున్న మొదలుపెడితే పొద్దు వాలేదాకా అదే పని. తొందరపడి ఒక్క దెబ్బ తప్పు కొట్టింది లేదు.

సిద్ధాచారికి తన తలుపు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. గట్టి కర్రలో పిట్ట ఇల్లు కట్టదు. ఇన్ని పురుగులు ఉన్నాయంటే చెట్టు లోపల డొల్ల. పైకి మాత్రం నిటారుగా ఉంది. ఇది ధ్వజస్తంభం అయితే ఏదో ఒక పండగ రోజు, కింద జనం ఉండగా విరుగుతుంది.

అప్పుడైనా లేచి ఊళ్ళోకి పరిగెత్తాల్సింది. పరిగెత్తలేదు నాన్నా. ఏమనుకున్నాడో తెలుసా? "పైన రాగి తొడుగు వేస్తారు కదా. లోపలిది ఎవరు చూడొచ్చారు" అనుకున్నాడు. అనుకుని, చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా చెవులు వేడెక్కాయి.

రెండో రోజు కూడా వెళ్ళాడు. ఆ రోజు పొద్దున్న ఒక డేగ వచ్చింది. దాని నీడ పడగానే పిట్టలు చెట్టు వెనక్కి జారి బెరడుకి అతుక్కుపోయాయి, చెట్టు మీద ముడిలాగా. డేగ రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఒక ఉడుము పాకుతూ ఎక్కింది. అమ్మపిట్ట దాని ముక్కు మీద పొడిచింది. మళ్ళీ పొడిచింది. ఉడుము దబ్బున కింద పడి పొదల్లోకి పోయింది.

సాయంత్రం పాము వచ్చింది. జెర్రిపోతు. పొడుగ్గా, నిదానంగా, చెట్టు చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కడం మొదలుపెట్టింది. పిట్టలు రెండూ అరుస్తూ దాని చుట్టూ ఎగిరాయి. సిద్ధాచారి చేతిలో పొడుగాటి కర్ర ఉంది. పాము ఇంకా అందే ఎత్తులోనే ఉంది, లేచి ఒక దెబ్బ కొడితే చాలు. కానీ అతని మనసులో ఒక మాట వచ్చింది. "నేను చెయ్యలేని పని ఇది చేసిపెడుతుందేమో" అని.

పొద్దున్న డేగ, మధ్యాహ్నం ఉడుము, సాయంత్రం పాము. ఆ మూడింటికీ ఆకలి. కింద కూర్చున్న అతనికి ఆకలి లేదు.

కర్ర అతని చేతిలోనే ఉండిపోయింది. పాము తొర్రలో తల పెట్టింది. నాన్నపిట్ట ముక్కుతో దాని మెడ మీద పొడిచి పొడిచి చివరికి వెళ్ళగొట్టింది. కానీ పాము ఒట్టి నోటితో పోలేదు. మూడు పిల్లల్లో ఒకటి తగ్గింది.

ఏడవకు చిట్టీ. ఇంకా రెండున్నాయి. విను.

కాసేపు పిట్టలు రెండూ తొర్ర దగ్గరే అరిచాయి. ఆ తర్వాత అమ్మపిట్ట ఎగిరి వెళ్ళి ఒక పురుగు తెచ్చింది. మిగిలిన రెండింటికీ ఆకలేస్తుంది కదా. అది చూసిన సిద్ధాచారికి అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. పిట్టలు తన వైపు చూడకపోయినా, తువ్వాలుతో మొహం కప్పుకుని ఇంటికి పోయాడు.

సూరాంబ అన్నం పెట్టింది. అతను ముద్ద కలిపి, నోటిదాకా తేలేకపోయాడు.

"సూరాంబా, తలుపు తర్వాత నాకు ఎవరూ ఒక్క మంచి మాట చెప్పలేదు" అన్నాడు.

"నేను చెప్పలేదా?"

"నువ్వు చెబితే అది లెక్కలోకి రాదనుకున్నాను."

సూరాంబ దేవుడి గూటి వైపు చూపించింది. "మొన్న మీ కాలి వేళ్ళలోంచి ఒక పేడు పడింది. మన కొట్టులోది కాదు, దాని మీద బాడిస గుర్తు లేదు. దేవుడి గూట్లో పెట్టాను. ఏం చెయ్యాలో మీకూ ఆయనకీ తెలియాలి" అంది.

ఇరవై ఏళ్ళుగా రోజూ దండం పెట్టే గూడు అది. సిద్ధాచారి ఆ పూట అటు తిరిగి చూడలేకపోయాడు. రాములవారు కోపంగా ఉంటే చూడగలిగేవాడేమో. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ ఉన్నాడు. ఆయన ముందు చిన్న చెక్కపేడు.

మూడో రోజు వచ్చింది. డప్పు వచ్చింది, గొడ్డళ్ళు వచ్చాయి, బండి వచ్చింది. చెట్టు పలుకుతుందని విని పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. వరహాలమ్మ అందరికన్నా ముందు కూర్చుని, "ఇటు రండమ్మా, ఇక్కడికైతే బాగా వినబడుతుంది" అని చోట్లు చూపిస్తోంది.

చిన్నప్పనాయుడు, "ఆచారీ, గొడ్డలి వెయ్యకముందు ఇంకొక్కసారి తట్టు. మొన్న రానివాళ్ళు కూడా వింటారు" అన్నాడు.

సిద్ధాచారి బాడిస ఎత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తడితే మళ్ళీ పలుకుతుంది. పలికితే మళ్ళీ దండాలు పెడతారు. ఈసారి ఇంకా ఎక్కువమంది పెడతారు. లోపల రెండు పిల్లలు ఉన్నాయి.

అప్పుడు బాడిస కింద పెట్టేశాడు.

"తడితే పలుకుతుంది నాయుడుగారూ. కానీ పలికేది చెట్టు కాదు. లోపల వడ్రంగిపిట్టలున్నాయి" అన్నాడు.

"అదేమిటి? మొన్న నీకు తెలియలేదా?"

ఇక్కడ అతను తెలియలేదని అనొచ్చు. అంటే అందరూ నమ్ముతారు. పాపం పొరబడ్డాడు అని ఊరుకుంటారు. సిద్ధాచారి చెట్టుకి అటు పక్కకి వెళ్ళాడు. "అందరూ ఇటు రండి" అన్నాడు. జనం వెళ్ళారు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, మొన్న కాలితో జరిపిన ఎండుటాకుల్ని చేత్తో ఒక్కొక్కటే తీశాడు. కింద చెక్కపేళ్ళు కనబడ్డాయి. దోసిట్లోకి ఎత్తుకుని అందరికీ చూపించాడు.

"మొన్న మీరు అటుపక్క ఉన్నప్పుడు చూశాను. చూసి కాలితో కప్పాను. మీరు మొక్కుతుంటే నిలబడ్డాను. చెట్టు డొల్ల అని కూడా తెలిసింది, రాగి తొడుగుతో కప్పెయ్యొచ్చు అనుకున్నాను. నిన్న పాము ఒక పిల్లని తీసుకుపోతుంటే చేతిలో కర్ర ఉండి కూడా కొట్టలేదు. పిల్లలు పోతే నా అబద్ధం బతుకుతుందని."

తలపాగా విప్పి, మడతపెట్టి, నాయుడి ముందు పెట్టాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వరహాలమ్మ మాత్రం, "అయితే మొన్న నేను పెట్టిన దండం పిట్టకన్నమాట" అంది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు పైన తొర్రలోంచి రెండు చిన్న తలలు బయటికి వచ్చి, ఇంతమంది ఏమిటా అని చూసి లోపలికి పోయాయి.

నాయుడు కండువా తీసుకుని భుజాన వేసుకున్నాడు. "పొరుగూరి వడ్రంగికి కబురు పెట్టండి" అన్నాడు. డప్పు చంకన పెట్టుకుని, గొడ్డళ్ళు బండిలో వేసి, అందరూ వెనక్కి నడిచారు. సిద్ధాచారి అందరి వెనకా నడిచాడు. అంత దూరమూ ఎవరూ అతనితో మాట్లాడలేదు. అతని పక్కన సూరాంబ ఒక్కతే నడిచింది.

ఆ తర్వాత పొరుగూరి వడ్రంగి వచ్చాడు. వేరే చెట్టు చూశాడు. కిందికి చూశాడు, పైకి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. ఏ పలుకూ రాలేదు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. ఆ మానుని గుడికి లాగేటప్పుడు తాడు పట్టుకున్నవాళ్ళలో అందరికన్నా వెనక సిద్ధాచారి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు.

ఇంకొక పని కూడా చేశాడు. కొట్టులో బాగా ఆరిన టేకు పలకలు తీసి, నెలరోజులు తొందరపడకుండా చెక్కి, గుడికి కొత్త తలుపు చేశాడు. కొట్టడం, ఆగడం, వినడం. అచ్చం పిట్టలాగే.

మద్దిచెట్టు మీది రెండు పిల్లలకీ రెక్కలు వచ్చి ఎగిరిపోయాయి. ఆ తర్వాత వానల్లో ఒక గాలి వచ్చి మద్దిచెట్టు మధ్యకి విరిగి పడింది. జనం వెళ్ళి చూశారు. లోపలంతా డొల్ల, పొట్టు పొట్టు. నాయుడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఆచారీ, నువ్వు చెప్పబట్టి బతికాం. ఊరిని కాపాడావు" అన్నాడు. మళ్ళీ ఆ కండువా తీశాడు.

చూడండి, అదే పాయసం మళ్ళీ వచ్చింది. ఈసారి సిద్ధాచారి ఆగలేదు. "తెలిసీ దాచినవాణ్ణి నాయుడుగారూ. మూడు ఉండగా రెండే ఎగిరాయి. కండువా మీ దగ్గరే ఉంచండి" అన్నాడు.

నాయుడు కండువా వేసుకున్నాడు. కానీ ఆ పూట అతనితో కలిసి ఊళ్ళోకి నడిచాడు. గుడి దగ్గర వరహాలమ్మ కొత్త తలుపుని మూసి తెరిచి, మళ్ళీ మూసి తెరిచి చూస్తోంది. వాన పడుతున్నా అది మెత్తగా కదులుతోంది.

"బాగుందయ్యా సిద్ధాచారీ" అంది. "కుక్కకే దారి లేకుండా పోయింది, పాపం."

సిద్ధాచారి తల వంచుకున్నాడు. కానీ ఈసారి ఇంటికి పోలేదు. లోపలికి వెళ్ళి రాములవారి మొహం చూశాడు.

విన్నారా? ఈ కథలో చాలా ఉన్నాయి, డేగ ఉంది, ఉడుము ఉంది, పాము ఉంది. పొద్దున లేచేసరికి అవి మర్చిపోయినా పరవాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కాలితో కప్పినదాన్ని చేత్తో తీసి, ఎవరికి కనబడకుండా కప్పామో వాళ్ళకే చూపించడం. సిద్ధాచారి మూడు రోజులు ఆలస్యం చేశాడు, ఒక పిల్ల పోయింది. మీరు అంత ఆలస్యం చెయ్యకండి. రేపు ఏదైనా కప్పాలనిపిస్తే కాలు ఆపండి. కప్పేసి ఉంటే చెయ్యి చాపండి. ఒకసారి చేసి ఊరుకోవడం కాదు, అవసరం వచ్చినప్పుడల్లా చెయ్యాలి.

ఇక అందరూ నాతో అనండి:

పురుగేమో ముక్కుకి, పిట్టేమో తొర్రకి,
తలుపేమో గుడికి, దండం రాములోరికి,
దుప్పటేమో కాళ్ళకి, నిదరేమో కళ్ళకి,
కథ నడిచె కంచికి, మనమొస్తిమి ఇంటికి.